గీజర్‌కు టైమర్ పెడితే కాంటాక్టర్ కూడా పెట్టండి

టైమర్ మీద 16 ఆంపియర్లు అని ఉంటుంది. 3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర లాగేది 13 ఆంపియర్లే. లెక్క సరిపోయింది కదా అని నేరుగా కలిపేస్తారు. కానీ రోజూ అంత లోడు పారే టెర్మినల్ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటుంది. స్క్రూ కొంచెం కొంచెంగా వదులవుతుంది, వదులైన చోట వేడి ఇంకా పెరుగుతుంది. ముందు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత ఏదో ఒక రోజు లోపల కరెంటును కలిపి విడదీసే కాంటాక్టు అతుక్కుపోతుంది. అప్పుడు టైమర్ ఆఫ్ అని చూపిస్తున్నా గీజర్ నడుస్తూనే ఉంటుంది.

అందుకే టైమర్‌కు గడియారం పని మాత్రమే ఇవ్వాలి. లోడు మోయడానికి 25 ఆంపియర్ల రెండు పోళ్ల కాంటాక్టర్, 230 వోల్టుల కాయిల్‌ది, వేయాలి. కాంటాక్టర్ అంటే కాయిల్‌కు కరెంటు అందగానే పెద్ద లోడును కలిపే స్విచ్.

3 కిలోవాట్లకు 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), 4 చదరపు మి.మీ. రాగి వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). ఫేజు, న్యూట్రల్ రెండూ కాంటాక్టర్ గుండా వెళ్లాలి. ఎర్త్ మాత్రం ఎక్కడా తెగకుండా నేరుగా గీజర్‌కు. కాయిల్‌కు ఉండే రెండు టెర్మినల్స్‌లో ఏ1కు టైమర్ నుంచి ఫేజు, ఏ2కు న్యూట్రల్. టైమర్, కాయిల్ ఫేజును అదే 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ తర్వాత, ఒక 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ గుండా తీసుకోండి. వేరే సర్క్యూట్ నుంచి తెస్తే గీజర్ ఎమ్‌సీబీ ఆఫ్ చేసినా ఏ1 దగ్గర కరెంటు ఉండిపోతుంది. పైగా న్యూట్రల్స్ కలగలిసిపోతే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది.

చాలా టైమర్లలో కాంటాక్టు విడిగా ఉంటుంది, లోపల ఫేజుతో కలిసి ఉండదు. గడియారం తిరుగుతున్నా అవుట్‌పుట్‌లో వోల్టేజీ రాకపోతే టైమర్ పాడైనట్టు కాదు: ఫేజు నుంచి కామన్ టెర్మినల్‌కు చిన్న లింకు వైరు వేయాలి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ లేకపోతే కొత్తగా లాగాల్సిందే. ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడటం ప్రాణాలతో చెలగాటం.

పని మొదలుపెట్టే ముందు కరెంటు ఆఫ్ చేశాక, అది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడానికి టెస్టర్‌ను నమ్మకండి. మల్టీమీటర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి, పనిచేస్తోందని తేల్చుకుని, ఆ తర్వాత ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య వోల్టేజీ లేదని చూడండి. పోగుల వైరైతే చివర ఫెర్రూల్ (పోగులను కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) వేసి బిగించి, ఒకసారి గట్టిగా లాగి చూడాలి. వైరు తొడుగు స్క్రూ కింద ఇరుక్కుంటే బిగినట్టే అనిపిస్తుంది, కాంటాక్టు మాత్రం ఉండదు. ఇళ్లలో మూసిన వైరింగ్‌లో పని చేసిన అనుభవం లేకపోతే ఇదంతా ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడమే మంచిది.

ఇక టైము. 25 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి 2 కిలోవాట్లతో అరగంట పడుతుంది. 200 లీటర్లను 40 డిగ్రీలు పెంచాలంటే 3 కిలోవాట్లతో మూడు గంటల పైనే. పెద్ద ట్యాంకుకు ఆదా పేరుతో టైము మరీ కోసేయకండి, నీళ్లు 60 డిగ్రీలకు చేరాలి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. థర్మోస్టాట్‌ను టైమర్ ఉంది కదా అని ఎప్పుడూ తీసేయకూడదు. బ్యాటరీ బ్యాకప్ లేని డయల్ టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది కాబట్టి, కోతల తర్వాత దాని గడియారం సరిచేయాలి.