పాత తుపాకీ, చెరిపేసిన నంబరు: సెక్షన్ 8 నాకు అర్థమైన తీరు

ప్రాసిక్యూటర్ పరీక్షకు చదివేటప్పుడు మైనర్ చట్టాలను చివరి వారానికి వదిలేశాను. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 3 (లైసెన్సు), 25 (శిక్షలు), 39 (కేసు నడపడానికి అనుమతి) చూసుకుంటే చాలనుకుని సెక్షన్ 8 ఉన్న పేజీని ఊరికే తిప్పేశాను. ఆ తర్వాత రాసిన ఒక మాక్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది. 1940 ప్రాంతంలో తయారైన తుపాకీ ఒకతని దగ్గర దొరికింది. లైసెన్సు లేదు. నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో రుద్దిన గీతలున్నాయి. "నేను కొన్నప్పుడే ఇలా ఉంది, పైగా ఇది చట్టం రాకముందు తుపాకీ" అంటున్నాడు. ఏయే సెక్షన్లు వర్తిస్తాయి?

చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది కాబట్టి అంతకు ముందు తయారైన తుపాకీకి సెక్షన్ 8 వర్తించదని ధైర్యంగా రాశాను. పదికి రెండు మార్కులు వచ్చాయి. ఆ రాత్రి గైడు పక్కన పెట్టి బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని అసలు చట్ట పాఠం) తీసి ఆ సెక్షన్ ఒక్కటే గంటసేపు చదివాను. నా ప్రిపరేషన్ అక్కడి నుంచే మారింది.

సెక్షన్ 8లో మూడు సబ్ సెక్షన్లున్నాయి. తుపాకీ మీదున్న పేరు, నంబరు, గుర్తింపు ముద్రలను చెరపకూడదు, తీసేయకూడదు, మార్చకూడదు, దొంగవి వేయకూడదు అంటుంది మొదటిది. తయారీదారు పేరో, నంబరో, వేరే గుర్తింపు ముద్రో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పద్ధతిలో లేని తుపాకీని అమ్మకూడదు, ఇంకొకరికి బదిలీ చేయకూడదు అంటుంది రెండోది. అసలు కీలకం మూడోదాంట్లో ఉంది. ముద్ర లేని తుపాకీ గానీ, ముద్ర చెరిపేసిన తుపాకీ గానీ ఎవరి దగ్గరుంటే ఆ పని వాళ్లే చేశారని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం వాళ్లదే. అంటే మన ప్రశ్నలో "కొన్నప్పుడే ఇలా ఉంది" అని నోటిమాటగా అంటే చాలదు, అతను దాన్ని నిరూపించాలి.

మరి పాత తుపాకుల సంగతి? మూడో సబ్ సెక్షన్ కింద ఒక ప్రొవైజో, అంటే మినహాయింపు చెప్పే వాక్యం, ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన రోజుకే ముద్ర లేని తుపాకీ ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్ల విషయంలో ఈ సబ్ సెక్షన్ ఒక ఏడాది గడిచేదాకా అమలు కాదు. నేను పొరపాటు పడింది ఇక్కడే. ప్రొవైజో ఆపింది మూడో సబ్ సెక్షన్‌ను మాత్రమే, అదీ ఒక్క ఏడాదే. నంబరు చెరపకూడదన్న నిషేధానికీ, ముద్ర లేనిది అమ్మకూడదన్న నిషేధానికీ ఆ గడువుతో సంబంధం లేదు. 1963 అక్టోబరు నుంచి తుపాకీ ఎంత పాతదైనా ఆ ప్రొవైజో ఎవరినీ కాపాడదు. దయచేసి ప్రొవైజో కనిపించిన ప్రతిచోటా అది ఏ సబ్ సెక్షన్‌కు తగిలించి ఉందో పెన్సిల్‌తో గీత గీసి చూసుకోండి. నాకు మిగతా చట్టాల్లో కూడా ఈ అలవాటే పనికొచ్చింది.

పాతదనానికి నిజంగా విలువ దొరికేది సెక్షన్ 45(సి)లో. వాడుకలో లేని పాత నమూనా ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి, పాడైపోయిన వాటికి అక్కడ మినహాయింపు ఉంది. కానీ షరతు గట్టిది. రిపేరు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరాకూడదు. కాబట్టి తాతలనాటి తుపాకీ తుప్పు పట్టి గోడకు వేలాడుతున్నా, రిపేరు చేస్తే పేలేదైతే మినహాయింపు లేదు. ఆన్సర్లో ఈ "రిపేరు చేసినా" అన్న ముక్క తప్పకుండా రాయండి.

శిక్ష దగ్గర సెక్షన్లు కలపకండి. లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు 25(1బి)(ఎ), నంబరు చెరిపినందుకు 25(1బి)(సి). సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాల్సింది సెక్షన్ 3 నేరానికి. సెక్షన్ 8 గురించి అక్కడ మాట లేదు. 2019 సవరణ కూడా చూసుకోండి, అది ఆ ఏడాది డిసెంబరు 14 నుంచి అమల్లో ఉంది.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఎక్కువగా దొరికేది అమెరికా సమాచారం. అక్కడ 1968 చట్టానికి ముందు అన్ని తుపాకులకూ సీరియల్ నంబరు తప్పనిసరి కాదు. అప్పట్లో నంబరు లేకుండానే తయారైనవి ఫెడరల్ చట్టం ప్రకారం ఇప్పటికీ అలాగే ఉండొచ్చు, ఉన్న నంబరును చెరిపేసిన తుపాకీని దగ్గర ఉంచుకుంటేనే నేరం. 1898 వరకు తయారైనవి అక్కడ పురాతన ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఈ ఏళ్లను మన ఆన్సర్లోకి తెచ్చుకోవద్దు.

నంబరు చెరిపేశాక ల్యాబ్‌లో ఎలా బయటపడుతుందో తెలుసుకున్నాక నాకు ఈ సెక్షన్ మర్చిపోవడం కుదరలేదు. అచ్చు గుద్దినప్పుడు అంకె అడుగున ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది. పైపొర అరగదీసినా ఆ ఒత్తిడి లోపల మిగిలే ఉంటుంది. ఉక్కు మీద ఫ్రైస్ రీఏజెంట్, అంటే క్యుప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే నొక్కుకున్న భాగం మిగతా లోహంలా కాకుండా వేరే వేగంతో కరిగి అంకెలు తేలతాయి. మరీ లోతుగా అరగదీస్తే మాత్రం కష్టం.

చివర్లో రుజువు భారం మారే సెక్షన్లన్నీ ఒకే కాగితం మీద రాసుకున్నాను: ఇది, చెక్కుల చట్టంలో 139, పోక్సోలో 29, మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో 35. ఆఖరిదాంట్లో నిందితుడు సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి, ఆ తేడా పక్కనే రాసుకోండి.

మీరూ ఒకటి రాసి చూడండి. తాత లైసెన్సుతో ఉంచుకున్న తుపాకీ, తయారైనప్పుడే దాని మీద పేరూ నంబరూ ఏదీ వేయలేదు. అది మనవడికి వచ్చింది, అతనికీ లైసెన్సు ఉంది. ఇప్పుడు దాన్ని లైసెన్సున్న డీలర్‌కు అలాగే అమ్మాడు. ఏ సబ్ సెక్షన్, ఎందుకు?