వాసన తెలియని వేళ

ఈరోజు ఉదయం డ్యూటీకి వచ్చి బంకులో అడుగుపెట్టగానే పెట్రోల్ వాసన గుప్పుమంది. అరగంట గడిచేసరికి అదే వాసన నాకు ఏమాత్రం తెలియలేదు. గాలి శుభ్రపడలేదు, నా ముక్కే అలవాటు పడిపోయింది. వాసన రావడం లేదు కనుక భయం లేదనుకుంటూ ఇన్నేళ్లు గడిపానే అన్న బాధ ఈమధ్య నన్ను వదలడం లేదు.

మధ్యాహ్నం ఎండలో ఒక కారు ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని ఆవిరి ఎగదన్నింది. నాజిల్ పెట్టి చూస్తే ట్యాంకు మూతి దగ్గర గాలి సన్నగా వణుకుతోంది, దాని నీడ కారు రేకు మీద పొగలా కదులుతోంది. లోపలికి ఎంత పెట్రోల్ వెళితే ఇంచుమించు అంత ఆవిరి గాలి బయటికి రావలసిందే. అది మామూలు గాలికన్నా బరువైనది కావడంతో త్వరగా పైకి పోక, వంగి నిలబడిన మనిషి చుట్టూనే తచ్చాడుతుంది. ఆ ఆవిరిని వెనక్కి పీల్చుకునే నాజిళ్లు ఉన్నాయి గాని, మా దగ్గర బిగించలేదు.

నా భయమంతా అందులోని బెంజీన్ అనే రసాయనం గురించే. పెట్రోల్‌లో అది ఒక శాతానికి మించకూడదని చాలా దేశాల్లో నియమం ఉన్నా, ఏళ్ల తరబడి రోజంతా పీల్చేవాడికి ఆ ఒక్క శాతం చిన్నదేమీ కాదు. ఊపిరితిత్తుల నుంచి నెత్తురులో కలిసి, కాలేయంలో రూపం మార్చుకుని, రక్తకణాలు పుట్టే ఎముక మజ్జనే అది దెబ్బతీస్తుంది. రక్తహీనత, తెల్లకణాలు తగ్గిపోవడం, కొందరిలో రక్త క్యాన్సర్ కూడా దాని ఫలితాలే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజీన్‌ను ఏనాడో క్యాన్సర్ కారకమని తేల్చింది, 2025లో వాహనాల పెట్రోల్‌నే ఆ జాబితాలో చేర్చింది. సాయంత్రమయ్యేసరికి పట్టుకునే తలనొప్పి, తల దిమ్ము ఎండ వల్లేనని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

డ్యూటీ దిగే ముందు మా బంకు కుర్రవాడు చేతికి అంటిన గ్రీజును పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో రుద్దుకుంటున్నాడు. "వద్దురా, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, సబ్బుతో కడుక్కో" అన్నాను. "మీరూ ఇలాగే కడుక్కునేవారు కదన్నా" అన్నాడు. నిజమే, వాడికి ఆ పని నేర్పింది నేనే.

రక్త పరీక్షకు చీటీ రాయించుకున్నాను. రక్తకణాల లెక్కలో ఒకసారి వచ్చిన అంకెకన్నా అది ఏటేటా తగ్గుతోందా అన్నది ముఖ్యం కనుక నిరుటి రిపోర్టు కూడా వెతికి సంచిలో పెట్టాను. రేపు వాణ్ణి కూడా నాతో రమ్మన్నాను, వస్తానన్నాడు.