ఎర్ర గోంగూర తొడుగులు: కోత నుంచి కషాయం దాకా, ఈ పంట పని వివరాలు

మొక్క సంగతి

కూరలో వేసే గోంగూర, కషాయం కాచే ఎర్ర గోంగూర ఒకే జాతి: హైబిస్కస్ సబ్డరిఫా. ఇక్కడ కావలసింది ఆకు కాదు. పువ్వు రాలాక కాయను చుట్టుకుని కండపట్టే ఎర్ర తొడుగులు, అంటే రక్షకపత్రాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం వేసే రకానిదీ ఇదే జాతి గానీ, దాని తొడుగులో కండ ఉండదు. ఆ విత్తనం తెచ్చుకుంటే శ్రమ వృథా.

జూన్‌లో విత్తాం, మొక్కకూ మొక్కకూ మూడడుగుల ఎడంతో. పగటి పొద్దు తగ్గితేనే పూసే మొక్క ఇది. ఆలస్యంగా విత్తితే ఎదగకముందే పూసేస్తుంది, తొడుగులు తగ్గిపోతాయి.

నవంబర్ రెండో వారం: కోత

పువ్వు రాలిన రెండు, మూడు వారాలకు తొడుగు గిల్లితే పుటుక్కున విరుగుతుంది. అదే అదును. దాటితే కాయ ముదిరి తొడుగు పీచు తేలుతుంది. ఒక అంచు పదునున్న సన్నని స్టీలు గొట్టాన్ని కాడ వైపు నుంచి పొడిచి తిప్పితే కాయ ఊడి వస్తుంది, తొడుగు చెదరదు. ఇనుప చాకు వద్దు. ఈ రంగులో ప్రధానమైనది డెల్ఫినిడిన్-3-సాంబుబయోసైడ్, దాని వెనక సయనిడిన్-3-సాంబుబయోసైడ్. రెండూ ఆంథోసయనిన్లే, అంటే మొక్కల్లో ఎరుపు, ఊదా, నీలం ఇచ్చే రంగు పదార్థాలు. వాటిలో పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు ఇనుము, అల్యూమినియం అయాన్లను పట్టుకుంటాయి, రంగు నీలం, నలుపులకు తిరుగుతుంది. అల్యూమినియం గిన్నె పనికిరానిది కూడా అందుకే. ఇత్తడినైతే పులుపు తినేస్తుంది. స్టీలు, గాజు, పింగాణీ చాలు.

నవంబర్ మూడో వారం: ఎండబెట్టడం

తాజా తొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలో ఎండితే నూరు గ్రాముల చుట్టుపక్కల వస్తుంది. నేరుగా ఎండలో పోస్తే వెలుతురుకు రంగు చెడుతుంది, ఒట్టి నీడలో పెడితే తుఫాను ముసురుకు బూజు పడుతుంది. 50 డిగ్రీల డ్రయ్యర్లో ఒకే పొరగా పరచడం అన్నిటికంటే నమ్మకం. డ్రయ్యర్ లేనివాళ్లు నల్లగుడ్డ కప్పి ఎండలో పెట్టొచ్చు, గాలి ఆడాలి. కండ మందంగా ఉండే అడుగు భాగం వంచితే పెళుసుగా విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే.

డిసెంబర్: కషాయం, రంగు పరీక్ష

మూడు సీసాలు. ఒక్కో దాంట్లో 10 గ్రాముల ఎండు తొడుగు, అర లీటరు ఆర్‌ఓ నీళ్లు. బోరు నీళ్లలోని బైకార్బనేట్లు పులుపును విరిచి రంగును ఊదాకు లాగుతాయి, పోలిక చెడుతుంది.

ఒకటి: ఫ్రిజ్‌లో రాత్రంతా నానబెట్టినది. రెండు: మరిగి దించిన నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచినది. మూడు: అరగంట సెగ మీద కాచినది. నాలుకకు మూడూ పుల్లగానే ఉంటాయి. ఇక్కడే మోసపోతాం. హైబిస్కస్ ఆమ్లం, సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు కాచినా నిలుస్తాయి, ఆంథోసయనిన్లు నిలవవు. అందుకే పులుపును చూసి కషాయం బాగుందనడం సరికాదు.

మూడో సీసా ఎర్రగానే ఉందిగా అనిపిస్తుంది. ల్యాబుల్లో పీహెచ్ (ఆమ్లత కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 1.0, 4.5 దగ్గర 520 నానోమీటర్ల కాంతి శోషణ కొలిచి తేడా తీస్తారు. 4.5 దగ్గర ఆంథోసయనిన్ దాదాపు రంగులేని రూపంలోకి మారుతుంది, పాడై ముద్దకట్టిన గోధుమ పదార్థం మాత్రం మారదు. ఇంట్లోనూ ఈ కిటుకు పనిచేస్తుంది. 5 మి.లీ. కషాయం, 45 మి.లీ. నీళ్లు కలిపి, పలచని వంటసోడా నీళ్లను చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ కాగితంతో 4.5 దగ్గర ఆపాలి. వెనక తెల్లకాగితం పెట్టి చూస్తే మొదటి రెండూ లేత గులాబీకి పాలిపోతాయి, మూడోదాంట్లో గోధుమ రంగు మిగులుతుంది. చేయి జారి సోడా ఎక్కువైతే ఊదా, నీలం, ఆపైన ఆకుపచ్చ. వెంటనే నిమ్మరసం పిండితే ఎరుపు తిరిగొస్తుంది. గంట ఆగితే పూర్తిగా రాదు, క్షారంలో అణువు వలయమే తెగిపోతుంది.

మా వాడకానికి రెండో పద్ధతే ఉంచుకున్నాం. చల్లటి దానిలో రంగు స్వచ్ఛంగా ఉంటుంది గానీ రాత్రంతా ఆగాలి, పైగా నీళ్లు కాగవు కనుక ఆ రోజే తాగేయాలి.

ఒంట్లో ఏం చేస్తుంది

రక్తపోటును పెంచే ఏసీఈ ఎంజైమును ఈ రెండు ఆంథోసయనిన్లు అడ్డుకుంటాయని ప్రయోగశాలలో తేలింది. బీపీకి ఇచ్చే క్యాప్టోప్రిల్ మాత్ర పనిచేసేదీ ఆ ఎంజైము మీదే. 2004లో వెలువడిన మెక్సికో అధ్యయనంలో అర లీటరు నీళ్లకు 10 గ్రాముల తొడుగుతో చేసిన కషాయాన్ని నాలుగు వారాలు ఇచ్చి, రోజుకు రెండు 25 మి.గ్రా. క్యాప్టోప్రిల్ మాత్రలతో పోల్చారు, ఫలితాలు దగ్గరగా వచ్చాయి. 2010లో అమెరికాలో 65 మందితో చేసిన అధ్యయనంలో, రోజుకు మూడు కప్పులు ఆరు వారాలు తాగినవారికి బీపీలో పై అంకె సగటున 7.2 తగ్గింది, ఉత్తుత్తి పానీయం తాగినవారికి 1.3.

బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా రోజూ తాగొద్దు, అంకె మరీ దిగిపోవచ్చు. మాత్ర మానేసి దీన్ని పట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. గర్భిణులు మానాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లున్నవారు జాగ్రత్తపడాల్సింది ఆకుతోనే ఎక్కువ.

నిల్వ

ముదురు గోధుమ రంగు గాజు సీసాలో నిండుగా నొక్కి, బిగుతు మూత పెట్టాం. ఖాళీ ఉంటే గాలి, తేమ చేరతాయి. ఫిబ్రవరిలో అదే 10 గ్రాములు, అదే అర లీటరుతో 4.5 పరీక్ష మళ్లీ చేయాలి. గోధుమ రంగు కనిపిస్తే మిగతాది పచ్చడికి వాడేయడమే.