సెరాంపూర్‌లో తెలుగు అచ్చు జాడలు

కలకత్తా పక్కనున్న హౌరాలో దిగి సెరాంపూర్ వెళ్లేవాళ్లు బర్ద్వాన్ లోకల్ కనబడగానే ఎక్కేయకండి. కార్డ్ లైన్ అనే అడ్డదారిన వెళ్లే బండి డాన్‌కుని మీదుగా పోతుంది, సెరాంపూర్ తగలదు. మెయిన్ లైన్ బర్ద్వాన్, బండేల్, తారకేశ్వర్, కాట్వా లోకళ్లయితే సరిపోతాయి. టికెట్‌కు టీ ఖర్చంత కూడా కాదు. అదే దూరానికి స్టేషన్ బయట టాక్సీవాళ్లు చెప్పే ధర వింటే ఒళ్లు మండుతుంది. పొద్దున రద్దీ అంతా కలకత్తా వైపు వచ్చే బళ్లకే. ఇటు వెళ్లేవాటిలో కూర్చోవడానికి చోటుంటుంది.

స్టేషన్ నుంచి టోటోలో (బ్యాటరీ రిక్షాలో) గంగ ఒడ్డుకు వెళితే, నదికి ఎదురుగా పెద్ద స్తంభాలతో కాలేజీ. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో పెట్టింది. ఈ ఇంగ్లీషు మిషనరీలను ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో ఉండనివ్వలేదు కాబట్టి, 1799–1800లో డేన్ల (డెన్మార్క్ వాళ్ల) చేతిలో ఉన్న ఈ ఊరికి చేరారు. డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఇచ్చాడు. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదివినవాళ్ల బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా మీద ఉండేది ఈ ఊరి పేరే. మన క్రైస్తవ సంఘాల్లో ఎంతోమంది ఆ పేరు చదివే ఉంటారు గానీ, ఇక్కడి మట్టికి తెలుగుతో ఎంత చుట్టరికమో చాలామందికి తెలియదు.

విశాఖలో పనిచేసిన మిషనరీ డెగ్రాంజ్, ఆనందరాయర్ సాయంతో తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో అచ్చయింది ఇక్కడే. అదే ఏడాది మార్చి 11 సాయంత్రం ఈ మిషనరీల ప్రెస్సు తగలబడింది. వార్డ్ తలుపులూ కిటికీలూ మూయించి గాలి అందకుండా చేశాడు, మంట అణిగింది కూడా. ఎవరో కిటికీలు తెరిచారు. అంతే, ఒక్కసారిగా భగ్గుమంది. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ప్రతి, తెలుగు అచ్చు అక్షరాలు బుగ్గయ్యాయి. ఉక్కు పంచ్‌లు మాత్రం బూడిదలో చెక్కుచెదరకుండా దొరికాయి. పంచ్ మీద అక్షరం చెక్కి, దాన్ని రాగి ముక్కలో దిగగొడితే మూస అవుతుంది. ఆ మూసలో కరిగిన సీసం పోస్తే అక్షరం. పంచ్ ఉందంటే మళ్లీ పోత పోసుకోవచ్చు. అదే పోతే గుణింతాలూ వత్తులూ అన్నీ మొదటినుంచి చెక్కాలి. వ్యాకరణాన్ని కేరీ తిరిగి రాశాడు, 1814లో అచ్చయింది. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. ఈ పంచ్‌లు చెక్కే పని నేర్పినవాడు పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ కమ్మరి. తరవాత ఆ పనిని అల్లుడు మనోహర్ ఏళ్ల తరబడి నడిపాడు. కేరీ పక్కన వాళ్లిద్దరి పేర్లు కూడా మన సెమినరీల్లో చెప్పాలి.

కాగితంతోనూ తంటాలే. నాటు కాగితానికి పట్టించే బియ్యపు గంజి పురుగుల్నీ చెదల్నీ పిలిచేది. అందుకని సొంత కాగితపు మిల్లు పెట్టుకున్నారు. దాన్ని మనుషులే తొక్కి తిప్పేవాళ్లు. ఆ చక్రంలో పడి ఒకడు చనిపోయాక ఇంగ్లండ్ నుంచి పన్నెండు గుర్రాల బలం ఉన్న ఆవిరి యంత్రం తెప్పించారు, అది 1820లో చేరింది.

1805లో ఈ బృందం రాసుకున్న ఒప్పందం సేవకు తయారయ్యే ప్రతి విద్యార్థీ చదవదగినది. దాన్ని ఏటా జనవరి, మే, అక్టోబరు మొదటి ఆదివారాల్లో ప్రతి మిషన్ స్టేషన్‌లో పైకి చదవాలని పెట్టుకున్నారు. ఈ దేశంలో సువార్త విస్తరించేది దేశీయ బోధకుల వల్లే అని, నమ్మినవాళ్ల పేర్లు మార్చకూడదని అందులో ఉంది. మొదట బాప్తిస్మం పొందిన కృష్ణ పాల్ చివరిదాకా కృష్ణ పాలే. కాలేజీ మొదలైనప్పుడు 37 మంది విద్యార్థులైతే 19 మందే క్రైస్తవులు. చదువులో సంస్కృతానికీ సొంత భాషకూ పెద్ద పీట, ఇంగ్లీషు తరవాత. ఇవాళ మన బి.డి. విద్యార్థి నాలుగేళ్లు ఇంగ్లీషులో చదివి, తెలుగులో ప్రసంగించడానికి పల్లెకు వెళ్తాడు. ఇది సరికాదు. ప్రసంగం రాయడం, పెద్దల ముందు చదివి దిద్దించుకోవడం మొదటి ఏడాదినుంచి తెలుగులోనే సాగాలి.

సెయింట్ ఓలావ్ చర్చికి అరగంట చాలు. కేరీ లైబ్రరీ చూడాలంటే మాత్రం ముందే కాలేజీకి రాసి అనుమతి అడగండి. తిరుగు ప్రయాణానికి లాంచీలో గంగ దాటితే బారక్‌పూర్. అక్కడినుంచి సియాల్దా లోకళ్లు తరచుగా ఉంటాయి.