గోదావరి ఒండ్రు అడుగున సూక్ష్మజీవులు: అవి అక్కడివేనని తేల్చేదెలా?

గోదావరి తెచ్చే మట్టి అంతర్వేది దగ్గరో భైరవపాలెం దగ్గరో ఆగిపోదు. అందులోని సన్నటి బంకమన్ను తీరం దాటి, వాలు దిగి, వెయ్యి మీటర్ల నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడిస్ రిజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వితే, పదో నంబరు స్థలంలో సుమారు 128 మీటర్ల మందాన హైడ్రేట్ (మీథేన్‌ను లోపల బంధించిన మంచులాంటి పదార్థం) ఉన్న పొర దొరికింది. 2015లో జపాన్ నౌక చిక్యూ ఇదే బేసిన్‌కు వచ్చింది. వార్తలన్నీ గ్యాస్ గురించే. కానీ అక్కడి మీథేన్‌లో ఎక్కువ భాగాన్ని తయారు చేసింది మట్టిలో ఉన్న ఆర్కియాలు అనే, బ్యాక్టీరియా లాంటి ఏకకణ జీవులు. వాటిని పట్టుకోవడం పెద్ద సంగతేమీ కాదు. పట్టుకున్నది లోపలిదే, పైనుంచి పడింది కాదు అని చూపించడమే అసలు పని.

ఎందుకంటే ఇలాంటి తవ్వకాల్లో గొట్టంలోకి పంపు చేసేది మామూలు సముద్రపు నీరే. పైనీటిలో మిల్లీలీటరుకు 5 లక్షల కణాలున్నాయనుకోండి. అంటే ఒక మైక్రోలీటరులో 500. లోతు మట్టిలో గ్రాముకు వెయ్యి కణాలే ఉన్నచోట ఆ ఒక్క మైక్రోలీటరు లోపలికి ఇంకితే, మీ లెక్కలో మూడో వంతు అబద్ధం. ఒడ్డుకు దగ్గరగా, పై పొరల్లో ఘన సెంటీమీటరుకు పది కోట్ల కణాలున్నచోట ఇదే మైక్రోలీటరును ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. కాబట్టి లోతుకు వెళ్ళేకొద్దీ జాగ్రత్త పెరగాలి.

తవ్వే నీటిలో పెర్‌ఫ్లోరోకార్బన్ అనే గుర్తు రసాయనాన్ని లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కలుపుతారు. కోర్ (తవ్వి పైకి తీసిన మట్టి కడ్డీ) వచ్చాక అంచునుంచి, నడుమనుంచి వేర్వేరుగా మట్టి తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూస్తారు. నడుమ అది కనిపించిందంటే ఆ ముక్క సూక్ష్మజీవుల పనికి పనికిరాదు. బ్యాక్టీరియా అంత సైజున్న, అర మైక్రాన్ ఫ్లోరోసెంట్ పూసలను సంచిలో పోసి కోర్ గొట్టం మూతి దగ్గర పెట్టడం ఇంకో పద్ధతి. రసాయనం దూరిన ప్రతిచోటికీ కణం దూరదు, అందుకే రెండూ కావాలి.

కృష్ణా-గోదావరి మట్టిలో మూడో గుర్తు ఉచితంగా దొరుకుతుంది. అది సల్ఫేట్. సముద్రపు నీటిలో అది సుమారు 28 మిల్లీమోలార్. కిందనుంచి వచ్చే మీథేన్, పైనుంచి దిగే సల్ఫేట్ కలిసేచోట రెండింటినీ సూక్ష్మజీవులు తినేస్తాయి. ఆ పొర దాటాక మట్టి నీటిలో సల్ఫేట్ దాదాపు సున్నా కావాలి. 0.28 కనిపిస్తే నూటికి ఒక వంతు సముద్రపు నీరు దూరిందని అనుమానించాలి. అయితే ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కోర్‌ను గాలిలో వదిలేస్తే సూక్ష్మజీవులు సల్ఫేట్‌ను వాడగా మిగిలిన సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది మళ్ళీ సల్ఫేట్ అవుతుంది. అప్పుడు కలుషితం కాని మట్టి కూడా కలుషితమైనట్టే కనిపిస్తుంది. అందుకే రైజన్ అనే సన్నటి వడపోత గొట్టంతో నీరు పీల్చిన వెంటనే జింక్ ఎసిటేట్ వేసి సల్ఫైడ్‌ను కట్టేయాలి. నల్లటి మట్టి గోధుమరంగుకు తిరుగుతోందంటే మీరు ఇప్పటికే ఆలస్యం చేశారన్నమాట.

పనిముట్టు సంగతీ చూసుకోవాలి. మెత్తటి బంకలో పిస్టన్ కోరర్ ఒక్క దెబ్బకు 9.5 మీటర్లు శుభ్రంగా దిగుతుంది. మట్టి గట్టిపడ్డాక అది దిగదు, తిరిగే కోరర్‌కు మారాలి. అప్పుడు కోర్ బిస్కట్ల వరసలా విరుగుతుంది, సందుల్లో తవ్వే నీటి బురద నిండుతుంది. గట్టి బిస్కట్ లోపలి భాగం తప్ప మిగతాది వదిలేయడమే మంచిది. హైడ్రేట్ పొరలది ఇంకో తలనొప్పి. పైకి వస్తూ అది కరిగి మట్టిని నురగలా, జావలా చేస్తుంది. కరుగుతూ చుట్టూ చల్లబరుస్తుంది కనుక ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చల్లటి మచ్చల్ని గుర్తించి, ఆ చోట్లు తప్పించి కోస్తారు.

కోర్‌ను ఒకటిన్నర మీటరు ముక్కలుగా కోశాక తగవు మొదలవుతుంది. సూక్ష్మజీవుల వాళ్ళకు గుండ్రంగా మొత్తం ముక్క కావాలి. అవక్షేప పొరలు చదివేవాళ్ళకు అదే చోట నిలువు సగం కావాలి. ఒకే స్థలంలో పక్కపక్కన రెండు మూడు బోర్లు వేసి, ఒకటి జీవశాస్త్రానికి వదిలేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. ఒక్కో ముక్కనుంచి కణాల లెక్కకు ఫార్మాలిన్‌లో, డీఎన్ఏకు మైనస్ 80 డిగ్రీల్లో, పెంపకానికి నైట్రోజన్ నింపిన సంచిలో 4 డిగ్రీల దగ్గర, మీథేన్‌కు మూత బిగించిన సీసాలో. ఇన్ని వాటాలూ ఒకే లోతువి కావాలి. ఒకరు ఒక లోతునుంచి, ఇంకొకరు మీటరు కిందనుంచి తీసుకుంటే తర్వాత ఎవరి అంకెలూ ఎవరికీ పొసగవు. 2016లో జపాన్ మురొటో దగ్గర 1180 మీటర్ల దాకా, 120 డిగ్రీల వేడి దాకా తవ్వినప్పుడు పాతబడకముందే చేరాలని నమూనాలను హెలికాప్టర్‌లో కోచి పరిశోధన కేంద్రానికి పంపారు. ఆ కోచి జపాన్‌లోదే, కేరళది కాదు.

డీఎన్ఏ దగ్గర మన మట్టే అడ్డం తిరుగుతుంది. దక్కన్ బసాల్ట్ రాతి నుంచి వచ్చిన స్మెక్టైట్ బంక డీఎన్ఏను గట్టిగా పట్టుకుంటుంది. కణాలు కనిపించినా డీఎన్ఏ తీసే కిట్‌లో ఏమీ దిగదు. ఫాస్ఫేట్ ద్రావణం ఎక్కువగా వాడి ఆ పట్టు సడలించాలి. దానితోపాటు మట్టి వేయకుండా ఖాళీ కిట్‌నూ నడపాలి. రాల్‌స్టోనియా, సూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియా పేర్లు కిట్ రసాయనాల్లోంచే వస్తుంటాయి. ఖాళీ పరుగు చూపించని జాబితాను నేనైతే నమ్మను.

కాకినాడ, రాజమండ్రి విద్యార్థులు ఈ సల్ఫేట్ లెక్కను కోరింగ పాయల మట్టిలో నేర్చుకోవచ్చు, అటవీశాఖ అనుమతి తీసుకుని. అక్కడ ఒక్క తేడా ఉంది. వరద రోజుల్లో గోదావరి నీరు కలిసి ఉప్పే పలచబడుతుంది, సల్ఫేట్ తగ్గిందంటే సూక్ష్మజీవులు తిన్నాయనుకోకూడదు. క్లోరైడ్ కూడా కొలిచి నిష్పత్తి చూడండి. సముద్రపు నీటిలో బరువు ప్రకారం అది 0.14. అంతకంటే తగ్గితేనే తినడం మొదలైనట్టు. పీత బొరియల పక్కన మాత్రం గొట్టం దించకండి, అక్కడ పైనీరు నేరుగా కిందికి దిగి ఉంటుంది.