మాస్టారి పెన్సిల్ డిపాజిట్

బడి రోజుల గురించి ఏదైనా రాయమని సంచిక కమిటీ వాళ్లు అడిగారు. ఎంత ఆలోచించినా నాకు తొమ్మిదో తరగతి లీడర్ ఎన్నికే గుర్తొస్తోంది. మిగతావి చివరి బెంచీ వాళ్లు రాస్తారు, బావిగట్టు గొడవతో సహా.

అంతకుముందు చేతులెత్తి ఎన్నుకునేవాళ్లం. ఆ ఏడు సోషల్ మాస్టారు ఒప్పుకోలేదు. ఎవరి మొహం చూసి ఎవరు ఎత్తారో తెలిసిపోతుందన్నారు. నామినేషన్లు, గుర్తులు, సుద్దముక్కల పెట్టెలో చీటీలు, చివరికి డిపాజిట్ కూడా: మనిషికో కొత్త పెన్సిల్. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది బడికి జమ. పోలింగ్ డ్యూటీలు చేసిన మనిషి, ఏదీ ఉత్తుత్తిగా చేయించలేదు. తాళంచెవికి ముందు బెంచీలు, కుర్చీకి వెనక బెంచీలు. మన గొడుగుకి మాత్రం ఏ బెంచీ లేదు. వాడి పెన్సిల్ పోయినట్టేనని అందరం అనుకున్నాం.

లెక్కపెట్టే పని మాస్టారు నాకిచ్చారు. ఒక్కో చీటీ విప్పి, అందరికీ చూపించి బల్ల మీద పెట్టాలి. గొడుగు రెండు ఓట్ల తేడాతో గెలిచాడు! తాళంచెవి వాళ్లు ఊరుకోలేదు. మళ్లీ లెక్కపెట్టించారు, మళ్లీ రెండే. చెల్లని చీటీ ఒకటుంటే, అదెందుకు చెల్లదో గంట కొట్టాక కూడా మాస్టారు చెబుతూనే ఉన్నారు. "ఓడినవాడు కూడా నమ్మేలా లెక్కపెట్టాలిరా" అని నాతో అన్నారు. ఆ మాటే నాకు అన్నం పెడుతోంది. ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్‌లో ఒక స్టీల్ ప్లాంటు అకౌంట్స్ విభాగం నేనే చూస్తున్నాను.

అక్కడ మేయర్‌ని కార్పొరేటర్లు కాకుండా జనమే నేరుగా ఎన్నుకున్న రోజులు చూశాను. 2015 జనవరిలో ఫలితం వచ్చినప్పుడు ఊరంతా ఆశ్చర్యపోయింది. రైళ్లలో ఆడిపాడి పొట్టపోసుకున్న దళిత ట్రాన్స్‌జెండర్ మధు కిన్నర్ ఇండిపెండెంట్‌గా నిలబడి, రాష్ట్రంలో అధికారంలో ఉన్న బీజేపీ అభ్యర్థిని 4,537 ఓట్ల తేడాతో ఓడించారు. లక్ష దాటిన జనాభా ఉన్న ఊళ్లో అది పెద్ద తేడా కాదు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పిచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకు మాత్రం ఒక టెన్షన్ ఉండేది. అంతకు చాలా ఏళ్ల ముందు మధ్యప్రదేశ్‌లోని కట్నీలో ట్రాన్స్‌జెండర్ కమలా జాన్ ఇలాగే మేయర్‌గా గెలిస్తే, అది మహిళలకు రిజర్వయిన సీటని, ఆమె మహిళ కాదని కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. రాయ్‌గఢ్ సీటు ఎస్సీలది కాబట్టి ఆ అడ్డు లేదని తెలిశాక మనసు కుదుటపడింది.

నా ఓటు ఎవరికి వేశానో చెప్పను, మాస్టారు చెప్పొద్దన్నారు. కానీ పార్టీ బలం, డబ్బు బలం లేని మనిషికి అంతమంది ఓటేశారంటే, పెట్టె దగ్గర ఎవరి మొహమూ చూడక్కర్లేదు కాబట్టే. మాస్టారు చీటీల కోసం అంత పట్టుబట్టింది ఎందుకో నాకు రాయ్‌గఢ్‌లో పూర్తిగా అర్థమైంది.

ఆ రాత్రి గొడుగుకి ఫోన్ చేశాను. అంతా విని, "రీకౌంటింగ్ అడిగారా?" అన్నాడు.

కమిటీ వాళ్లకు ఒక్క మనవి. సభలో మాస్టారిని వేదిక మీదికి పిలిచే పని గొడుగుకే ఇవ్వండి. కొత్త పెన్సిళ్లు నేను తెస్తాను.