రాయి దగ్గరపడుతున్న కొద్దీ

నిషికసాయిలో ఇద్దరు తెలుగువాళ్లు కొత్తగా పరిచయమైతే, ఊరూ ఉద్యోగమూ అడిగాక వచ్చే ప్రశ్న పిల్లల బడి గురించే. ఇండియన్ స్కూలా, జపాన్ వాళ్ల బడా? తూర్పు టోక్యోలో మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట ఇది. రేపు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోవాల్సి వస్తే సిలబస్ గొడవ ఉండకూడదని చాలామంది ఇండియన్ స్కూల్లో వేస్తారు. మేం మా అబ్బాయిని ఇంటికి దగ్గర్లో ఉన్న వార్డు బడిలో వేశాం. ఫీజు లేదు, నడిచి వెళ్లొస్తాడు, వీధిలో పిల్లలంతా వాడి స్నేహితులే.

చిక్కల్లా తెలుగుతో వచ్చింది. మేం తెలుగులో అడిగితే జపనీస్‌లో జవాబు. సూళ్లూరుపేటలో ఉన్న మా నాన్నకి ఫోన్ చేసి చేతికిస్తే "తిన్నావా?" "ఆ." "బడికి పోయినావా?" "ఆ." అంతే, ఫోను మళ్లీ నాకు. ఆదివారం తెలుగు క్లాసుకి పంపితే గుణింతాలు వచ్చాయి. 'కై'కీ 'కౌ'కీ తేడా ఠకీమని చెప్తాడు. కానీ తాతతో మాట్లాడటానికి వాడి దగ్గర కబురేదీ లేదు. క్లాసులు దండగ అనను గానీ, కబురు లేనివాడికి ఎన్ని అక్షరాలు నేర్పితే ఏం లాభం?

2018 జూన్ నాటికి వాడు మూడో తరగతి. హయబుసా2 అనే జపాన్ వ్యోమనౌక ర్యూగు అనే గ్రహశకలానికి దగ్గరవుతున్న రోజులవి. బడిలో టీచర్ చెప్పిందట, వీడు ఇంటికి రాగానే నా ఫోన్ లాక్కుని జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా వాళ్లు పెట్టిన ఫోటో చూపించాడు. నల్లటి తెర మీద తెల్లటి చుక్క. అంతకుమించి ఏమీ లేదు. "ఇందులో ఏముందిరా?" అన్నాను. "ఇంకా రాలేదమ్మా, వస్తోంది" అన్నాడు, తెలుగులోనే.

2014 డిసెంబర్ 3న తనెగషిమా దీవి నుంచి బయల్దేరిన నౌక అది. సరిగ్గా ఏడాదికి మళ్లీ భూమి పక్కగా వచ్చి, భూమి ఆకర్షణతో దారి మళ్లించుకుని వెళ్లింది. 2018 జూన్ మొదట్లో అయాన్ ఇంజిన్లు ఆపేసేసరికి రాయి ఇంకా 3,100 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కాస్త దూరానికే మూడు వారాలకు పైగా తీసుకున్నారు.

ఆ ఆదివారం ఫోన్లో వీడే ముందుగా మాట్లాడాడు. మా నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఎదుటి మనిషి ఏదైనా బండి గురించి చెప్తే ప్రశ్న వేయకుండా వదలడు.

"ఇంజిన్ ఆపేసినాక ఎట్టా పోతాది రా?"

వీడు తెల్లమొహం వేశాడు. ఆ సాయంత్రం మా ఆయన్ని కూర్చోబెట్టుకుని తెలుసుకున్నాడు. అంతరిక్షంలో గాలి లేదు, ఆపేది ఏదీ లేదు కాబట్టి ఇంజిన్ ఆపినా పోతూనే ఉంటుంది. అయాన్ ఇంజిన్లు నాలుగు, ఒకేసారి మూడు నడుస్తాయి, జెనాన్ వాయువు వాడతాయి. మూడూ కలిపి తోసే బలం మన రూపాయి బిళ్ల బరువంత కూడా ఉండదు. అయినా నెలల తరబడి తోస్తూ ఉంటే వేగం పోగవుతుంది. ఇదంతా మర్నాడు తాతయ్యకి చెప్పాలి. మధ్యలో మాట దొరక్కపోతే నా వైపు చూసేవాడు, నేను అందించేదాన్ని, వాడు పట్టుకుని ముందుకుపోయేవాడు.

తాతయ్య ఊరుకుంటేనా? "సరే, బ్రేకు యాడుంటది?"

ఈ బ్రేకు ప్రశ్న మా ఇంట్లో వారం పాటు నడిచింది. నౌకకి పన్నెండు చిన్న థ్రస్టర్లు ఉన్నాయి, వెళ్లే దిక్కుకి ఎదురుగా వాటిని కాస్త కాల్చితే వేగం తగ్గుతుంది. అంతవరకు సులువే. ఎప్పుడు ఎంత కాల్చాలన్నదే కష్టం. భూమ్మీది టెలిస్కోపులతో చూసి ర్యూగు ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేరు. అందుకని నౌక కెమెరాలో నక్షత్రాల మధ్య ఆ చుక్క ఎక్కడ కనిపిస్తోందో చూసి, రేడియో కొలతలతో కలిపి, దారి కొంచెం కొంచెంగా దిద్దుకుంటూ వెళ్లారు. చుట్టూ బుల్లి ఉపగ్రహాలేమైనా తిరుగుతున్నాయా అని కూడా వెతికారు, ఉంటే గుద్దుకునే ప్రమాదం కదా. పైగా నౌక నుంచి కబురు రావడానికే పదిహేను నిమిషాలకు పైగా పడుతుంది. ఇరవై ఎనిమిది కోట్ల కిలోమీటర్లు మరి.

"అంటే డ్రైవరు ఇంట్లో కూచుని, పావుగంట కిందటి రోడ్డు చూసుకుంటా తోలతాండాడు" అన్నాడు నాన్న. మావాడికి ఈ మాట ఎంత నచ్చిందంటే, జపనీస్‌లోకి మార్చి బడిలో చెప్పొచ్చాడు.

సూళ్లూరుపేటలో నాన్న పక్కింటి కుర్రాడికి మాత్రం ఎంతకీ ఎక్కలేదట. హయబుసా అంటే వాడికి బైకే. మా నాన్న రోజూ హయబుసా ఎంత దూరం పోయిందో చెప్తుంటే, ఎవరో బైకు మీద ప్రపంచయాత్ర చేస్తున్నారనుకున్నాడు.

జూన్ మధ్యకి చుక్కకి ఆకారం వచ్చింది. ముందు గుండ్రంగా అనిపించింది, తర్వాత కోణాలు తేలాయి. కొత్త ఫోటో వచ్చినప్పుడల్లా వీడు గళ్ల నోట్‌బుక్‌లో బొమ్మ వేసేవాడు. చుక్క ఒక గడి, తర్వాత నాలుగు గళ్లు, తర్వాత పేజీ నిండా. 20వ తేదీ దాటాక స్పష్టంగా తెలిసిపోయింది: నడుం దగ్గర ఉబ్బెత్తు, పైకీ కిందికీ సన్నగా. జపాన్ శాస్త్రవేత్తలు ఏ మాట అన్నారో మా నాన్న కూడా ఫోటో చూడగానే అదే అన్నాడు. "బొంగరం రా ఇది!"

ఇక్కడ నాకూ తెలియని సంగతి ఒకటి బయటపడింది. జపాన్ పిల్లలు కొత్త సంవత్సరం రోజుల్లో 'కోమా' ఆడతారు. అదీ తాడు చుట్టి విసిరే బొంగరమే. మావాడికి శిశువిహార్‌లోనే నేర్పారు. నాన్న అటక మీంచి పాత బొంగరం తీసి, మేకు దగ్గర్నుంచి బిగించి తాడు చుట్టి, డాబా మీద విసిరి వీడియో పంపాడు. వాడు తన కోమా పట్టుకుని వంటగది నేల మీద విసిరాడు. చుట్టే తీరులో ఇద్దరికీ తేడా వచ్చింది. తాతయ్య చివరి వేలికి తాడు ముడి వేసుకుంటాడు, వీడు రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుంటాడు. ఎవరిది సరైన పద్ధతో ఇప్పటికీ తేలలేదు. నా ఫ్లోరింగ్‌కి మాత్రం గుంట పడింది.

బొంగరం చేతిలో ఉండగానే మిగతా సంగతులు చెప్పుకున్నారు. ర్యూగు అడ్డుకొలత సుమారు 900 మీటర్లు. తన చుట్టూ తాను తిరగడానికి ఏడున్నర గంటల పైచిలుకు. అదీ భూమి తిరిగే దిశకి ఎదురు దిశలో. ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో 80 వేల వంతు. "నేను ఎగిరితే మళ్లీ కిందికి రానేమో తాతయ్యా" అన్నాడు. "ఈడ దూకితే చాల్లే, ఆడికెందుకు" అంది మా అమ్మ వెనక నుంచి.

పేరు సంగతి కూడా చెప్పాలి. ర్యూగు అంటే సముద్రం అడుగున ఉండే నాగరాజు కోట. ఉరషిమా తరో అనే బెస్తవాడు తాబేలుని కాపాడితే అది వాణ్ని ఆ కోటకి తీసుకెళుతుంది. వచ్చేటప్పుడు రాకుమారి ఒక పెట్టె ఇస్తుంది. తిరిగొచ్చి చూస్తే ఊళ్లో వందల ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఈ నౌక కూడా ఆ రాయి మీది మట్టిని పెట్టెలో తీసుకుని రావాలని ఆ పేరు. ఈ కథ రాని జపాన్ పిల్లవాడు ఉండడు. కథ విని మా నాన్న రైవతుడి కథ ఎత్తుకున్నాడు. కూతురు రేవతికి మొగుణ్ని వెతుకుతూ బ్రహ్మలోకానికి పోతాడు, అక్కడ పాట అయ్యేదాకా ఆగుతాడు, అంతలోనే కింద యుగాలు గడిచిపోతాయి, చివరికి బలరాముడికి ఇచ్చి చేస్తారు. "ఇది నిజంగా ఇండియా కథా, తాతయ్య ఇప్పుడు కల్పించాడా?" అని వీడు నన్ను అడిగాడు. పురాణాలు చెప్పమని ఇన్నేళ్లూ నేను చేసిన పోరు వల్ల కాని పని, ఆ రాయి వల్ల అయింది.

జూన్ 27, బుధవారం. ఉదయం 9:35కి నౌక ర్యూగుకి 20 కిలోమీటర్ల దూరానికి చేరి నిలబడింది. వీడు బడిలో ఉన్నాడు. ఇండియాలో ఆరూ అయిదు. నాన్న లేచి కూర్చుని నాకు ఫోన్ చేశాడు. "చేరిందా?" షార్ రాకెట్లు చూసిన కళ్లు ఆయనవి. శ్రీహరికోటలో నిప్పు రాజేశారంటే సూళ్లూరుపేట డాబాల మీద జనమే జనం. నాలుగు నిమిషాల సంబరం, తర్వాత పొగ గీత. 2013 నవంబర్‌లో మంగళయాన్ పోతుంటే చూసి, మర్నాటి నుంచి మర్చిపోయి, మళ్లీ 2014 సెప్టెంబర్‌లో అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు టీవీలో చూశాడు. మధ్యలో పది నెలలు ఏం జరిగిందో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకి చెప్పినవాళ్లూ లేరు. ఈసారి మనవడు ఉన్నాడు.

వేసవి సెలవుల్లో ఇక్కడ పిల్లలకి 'జియూ కెన్‌క్యూ' ఉంటుంది. తమకి నచ్చిన విషయం మీద సొంతంగా చేసే ప్రాజెక్టు. పెద్ద చార్టు మీద ఆ గళ్ల బొమ్మలన్నీ అంటించాడు. ఫుచినోబె స్టేషన్లో దిగి సగమిహరలోని జాక్సా కేంద్రానికి కూడా వెళ్లొచ్చాం. అక్కడి నౌక నమూనా ముందు నిలబడి బ్రేకులు ఎక్కడున్నాయో వీడియో తీసి తాతయ్యకి పంపాడు.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది మాత్రం అక్టోబర్. ఆ నెలాఖరుకి దిగాలని ప్లాను. దగ్గరికెళ్లి చూస్తే రాయంతా బండలే, వంద మీటర్ల చదును ఎక్కడా లేదు. ఇప్పుడు దిగలేం అని జాక్సా వాళ్లు అందరి ముందూ చెప్పి, వాయిదా వేసి, నెలల తరబడి లెక్కలు వేసుకున్నారు. మా వాట్సాప్ గ్రూపుల్లో పదేళ్ల పిల్లల ఒలింపియాడ్ ర్యాంకులు తిరిగే రోజులవి. దేశం మొత్తం చూస్తుండగా ఆగడం ఎలాగో వీడు ర్యాంకుల కంటే ముందు చూశాడు, నాకు సంతోషమే. 2019 ఫిబ్రవరి 22న ఆరు మీటర్ల వెడల్పున్న చోటులో, మీటరు తేడాతో దిగింది. మాకు పొద్దున్నే బడి హడావిడి, నాన్నకి తెల్లవారుజాము నాలుగు దాటింది. ముగ్గురం లైవ్ చూశాం. ఏప్రిల్‌లో రాగి దిమ్మతో కొట్టి గొయ్యి చేసింది, జులైలో రెండోసారి దిగింది. 2020 డిసెంబర్‌లో పెట్టె ఆస్ట్రేలియా ఎడారిలో పడింది. లోపల 5.4 గ్రాముల మట్టి.

చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబర్‌లో చంద్రుడి దగ్గర మూగబోయినప్పుడు ఎవరో బంధువు అడిగారు, "నువ్వు ఇండియా సైడా, జపాన్ సైడా?" అని. క్రికెట్ మ్యాచ్ అనుకున్నారు కాబోలు. వాడు ఆ ప్రశ్నని పట్టించుకోలేదు. ఎంత ఎత్తులో సిగ్నల్ పోయిందో అడుగుతున్నాడు. చంద్రుడి దక్షిణ ధ్రువానికి ఇస్రో, జాక్సా కలిసి పంపబోయే నౌక సంగతి విన్నాక ఆ బంధువు ఏమంటారో తెలియదు గానీ, మా ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు.

ఇప్పుడు వాడు హైస్కూల్లో ఉన్నాడు. తెలుగు పర్లేదు, కాస్త సూళ్లూరుపేట యాస కూడా పడింది. హయబుసా2 ఇంకా తిరుగుతూనే ఉంది. 2031లో అది 1998 కెవై26 అనే మరో రాయిని చేరాలి. అది ముప్ఫై మీటర్లు ఉంటుందనుకున్నారు, 2025లో పెద్ద టెలిస్కోపులతో చూస్తే పదకొండు మీటర్లేనని, అయిదు నిమిషాలకోసారి తిరుగుతోందని తేలింది. నౌక రెక్కలే ఆ చివర నుంచి ఈ చివరకి ఆరు మీటర్లు.

"అయిదు నిమిషాలకోసారి తిరిగేదాని మీద దిగితే విసిరి పారేస్తాది" అన్నాడు నాన్న. "నేనైతే పక్కన నిలబడి చూసి వచ్చేస్తా."

"మెల్లగా తాకి వెంటనే లేచిపోవచ్చు తాతయ్యా."

"ఎంత మెల్లగా? లెక్క చెప్పు."

లెక్క వేసి చెప్తానన్నాడు. పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి అదే వేస్తున్నాడు.